కొనాలా, మనమే చేసుకోవాలా? ఆ నోట్ రాసే పని మీ మీద పడితే

పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోడక్ట్ పని చేసేవాళ్లకి ఈ ప్రశ్న దాదాపు ప్రతి ప్లానింగ్ సీజన్‌లోనూ ఎదురవుతుంది. పైవాళ్లెవరో ఒక స్టార్టప్ ఫౌండర్‌ని కలిసి వస్తారు. డెమో బాగా నచ్చి ఉంటుంది. "వీళ్లని కొనేద్దామా, మనమే చేసుకుందామా? శుక్రవారానికల్లా ఒక నోట్ రాసివ్వు" అంటారు. రాయదుర్గంలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో, రెడ్‌మండ్‌లోనో కూర్చున్న ఒక ప్రోడక్ట్ మేనేజర్ ఆ నోట్ రాస్తారు. బోర్డు దాకా వెళ్లే స్లయిడ్లన్నీ చాలాసార్లు ఆ రెండు పేజీల్లోంచే పుడతాయి. అందుకే దాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదటి లైను కోడ్ నుంచి సొంతంగా బిల్డ్ చేసిన టీమ్‌లో ఉన్నాను, కొన్న ప్రోడక్ట్‌ని మా దాంట్లో కలిపే టీమ్‌లోనూ ఉన్నాను. ఆ నోట్ నేనెలా రాస్తానో చెప్తాను.

రెండేళ్ల తర్వాత అది ఎక్కడ ఉండాలి?

అందరూ ధరతో మొదలుపెడతారు. నేను ధర జోలికి తర్వాత వెళ్తాను. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు రాసుకుంటాను: రెండేళ్ల తర్వాత ఈ ప్రోడక్ట్ మనం ఇప్పటికే అమ్ముతున్నదాని లోపల ఉండాలా, పక్కన విడిగా ఉండాలా?

లోపల అంటే మన లాగిన్‌తోనే తెరుచుకోవాలి, మన బిల్లులోనే రావాలి, మన అడ్మిన్ పేజీలోంచే పర్మిషన్లు ఇవ్వగలగాలి. అది ఇంకెక్కడి నుంచో వచ్చిందని కస్టమర్‌కి తెలియకూడదు. పక్కన అంటే దాని పేరు దానిదే, దాని యూజర్లు దానివాళ్లే. మన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్నా చాలు.

లోపల కలవాల్సినదైతే మనమే చేసుకోవాలి, లేదా అది బాగా చిన్నగా ఉన్నప్పుడే కొనాలి. పక్కన నిలబడేదైతే పెద్దదయ్యాక కొన్నా ఫర్వాలేదు, కొన్నాక మాత్రం దాని పని దాన్ని చేసుకోనివ్వాలి. పెద్దదాన్ని కొని లోపల కలిపేద్దాం అనుకునే డీల్స్‌లోనే ఎక్కువ డబ్బు తగలబడుతుందని నా గట్టి నమ్మకం.

మైక్రోసాఫ్ట్ చరిత్ర ఒక్కటి చూసినా అన్ని రకాలూ దొరుకుతాయి. 1987లో ఆ కంపెనీ ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థని కోటీ 40 లక్షల డాలర్లకి కొంది. వాళ్ల దగ్గరున్నది మెకింతోష్ మీద నడిచే ప్రెజెంటేషన్ ప్రోగ్రామ్, మార్కెట్‌లోకి వచ్చి కొన్ని నెలలే అయింది. అదే పవర్‌పాయింట్. ఆ టీమ్‌ని మైక్రోసాఫ్ట్ హెడ్డాఫీసున్న రెడ్‌మండ్‌కి లాక్కురాకుండా కాలిఫోర్నియాలోనే ఉంచారు, ప్రోడక్ట్‌ని మాత్రం ఆఫీస్‌లో భాగం చేశారు. కొత్తది కాబట్టి పాత కస్టమర్ల బరువు పెద్దగా లేదు. అందుకే కలిసిపోయింది.

సత్య నాదెళ్ల వచ్చాక కొన్న పెద్దవి రెండు చూడండి. 2016లో లింక్డిన్, 26.2 బిలియన్ డాలర్లు. 2018లో గిట్‌హబ్, 7.5 బిలియన్ డాలర్లు. రెండూ అప్పటికే బాగా ఎదిగినవి, రెండింటినీ పక్కనే ఉంచారు. లింక్డిన్‌కి పాత సీఈఓ జెఫ్ వీనరే కొనసాగారు. గిట్‌హబ్‌లో కోడ్ పెట్టుకునే డెవలపర్ ఉదయం లేచేసరికి వేరే లాగిన్ పేజీ కనిపించలేదు.

ఇక మైక్రోసాఫ్ట్ ఆఫీస్ చాట్ యాప్ టీమ్స్ సంగతి. మైక్రోసాఫ్ట్ 2011లోనే 8.5 బిలియన్ డాలర్లు పోసి స్కైప్‌ని కొంది. 2016 నాటికి ఆఫీసుల్లో స్లాక్ అనే చాట్ యాప్ ఊపందుకుంది. స్లాక్‌ని కొనే ఆలోచన లోపల నడిచిందని పత్రికల్లో కూడా వచ్చింది. చివరికి సొంతంగా టీమ్స్ చేశారు, 2017 మార్చిలో అందరికీ విడుదల చేశారు. అందులో ఫైలు పెడితే షేర్‌పాయింట్‌లో కూర్చుంటుంది, మీటింగ్ పెడితే ఎక్స్ఛేంజ్ క్యాలెండర్‌లో పడుతుంది, ఉద్యోగి వెళ్లిపోతే ఐటీ వాళ్లు ఒక్కచోట తీసేస్తే ఇక్కడా పోతుంది. ఇవన్నీ ముందే ఇంట్లో ఉన్నాయి. బయట నుంచి తెచ్చిన చాట్‌కి వీటన్నింటినీ మళ్లీ అతికించుకోవాల్సి వచ్చేది. స్కైప్‌ని 2025 మేలో మూసేశారు.

దీనికి ఎదురుగా ఏక్వాంటివ్ ఉంది. ఆన్‌లైన్ ప్రకటనల కంపెనీ, 2007లో 6.3 బిలియన్ డాలర్లకి కొన్నారు. 2012లో అందులో 6.2 బిలియన్లు రైట్ ఆఫ్ చేశారు. కొన్న డబ్బు దాదాపు మొత్తం పోయింది.

ఈ "లోపలా, పక్కనా" ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేకపోతే నోట్ అక్కడితో ఆపేసి, అడిగినవాళ్ల దగ్గరికి వెళ్లి జవాబు తెచ్చుకోండి. "ముందు కొందాం, తర్వాత చూద్దాం" అంటే ఇంకా ఎవరూ ఆలోచించలేదని అర్థం.

కస్టమర్ పక్కన కూర్చుని చూడండి

డెమో చూసి కొనకూడదు. ఆ ప్రోడక్ట్ వాడేవాళ్ల పక్కన కూర్చుని చూడాలి. కొనబోతున్నది కోడ్ అయితే అది మన ఇంజనీర్లూ రాయగలరు. మనం రాయలేనిది యూజర్ల అలవాటు.

ఒకసారి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో కూర్చున్నాను. కౌంటర్ దగ్గర బిల్లు కొట్టే అమ్మాయి మౌస్ ముట్టుకోవడమే లేదు. పార్టు నంబరులో మొదటి నాలుగు అంకెలు కొడుతుంది, ట్యాబ్, క్వాంటిటీ, ఎంటర్, మళ్లీ ఎంటర్. ఫోన్‌లో రేటు చెప్తూనే వేళ్లు బిల్లు పూర్తి చేసేస్తున్నాయి. స్క్రీన్ చూస్తే ఎప్పటిదో పాత డిజైన్. మా వాళ్లు అంతకన్నా అందమైనది కొన్ని నెలల్లో చేసేస్తారు. కానీ ఆ అమ్మాయిని దానికి మార్పించాలంటే ఆ నాలుగు అంకెలూ ఆ రెండు ఎంటర్లూ అలాగే ఉండాలి, పాత బాకీల లెక్కంతా ఒక్క పైసా తేడా రాకుండా రావాలి, మార్చి నెలాఖరులో మాత్రం మార్చమని అడగకూడదు. అలాంటి అలవాటు వేల షాపుల్లో ఉందంటే దానికి నిజంగా విలువుంది. కొనడం గురించి ఆలోచించాల్సింది అక్కడే.

గూగుల్ 2005 జనవరిలో సొంతంగా గూగుల్ వీడియో మొదలుపెట్టింది. యూట్యూబ్ అప్పటికి పుట్టలేదు. అయినా జనం వీడియోలు పెట్టడానికి, చూడటానికి యూట్యూబ్‌కే అలవాటు పడ్డారు. గూగుల్ పట్టుదలకి పోకుండా 2006 అక్టోబర్‌లో 1.65 బిలియన్ డాలర్ల షేర్లిచ్చి యూట్యూబ్‌ని తీసుకుంది. మనమే ఒకటి చేశాం కదా అని కొనకుండా ఉండిపోనక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌ని 2012లో ఒక బిలియన్ డాలర్లకి ఫేస్‌బుక్ కొన్నప్పుడు అందులో పనిచేసేది 13 మంది. అలాంటి ఫొటో యాప్ ఫేస్‌బుక్ ఇంజనీర్లకి ఏమంత కష్టం కాదు. యూజర్లు అప్పటికే అక్కడున్నారు, వాళ్లకే ఆ ధర. ఫేస్‌బుక్‌కి పోటీగా 2011లో వచ్చిన గూగుల్ ప్లస్ చేసినవాళ్లేమీ తక్కువవాళ్లు కాదు. కానీ స్నేహితులంతా ఫేస్‌బుక్‌లో ఉన్నారు. 2019లో దాన్ని మూసేశారు.

అందుకే నోట్‌లో ఒక పేరా దీనికే పెట్టండి: ఎవరు వాడుతున్నారు, రోజులో ఏ పనికి వాడుతున్నారు, మానేస్తే ఏం ఇబ్బంది పడతారు. కనీసం కొందరు కస్టమర్లతో స్వయంగా మాట్లాడి రాయండి. సేల్స్ వాళ్లు పంపిన లిస్టులో వాళ్లు కాకుండా, ఈమధ్యే మానేసినవాళ్లు దొరికితే ఇంకా మంచిది.

తలుపు తీసి చూసినప్పుడు

డ్యూ డిలిజెన్స్, అంటే కొనేముందు ఆ కంపెనీని లోతుగా పరిశీలించడం అనగానే లాయర్లు, ఆడిటర్లు వస్తారు. వాళ్లు చూసేవి వాళ్లు చూస్తారు. ప్రోడక్ట్ వైపు నుంచి నేను అడిగేవి వేరే ఉంటాయి. వీటి మీద ఎంత టైమ్ పెట్టినా తక్కువే.

మొదట అడిగేది, "మీ డేటాబేస్‌లో కస్టమర్ అంటే ఎవరు?" చిన్న ప్రశ్నలా ఉంటుంది. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఇది ఎవరూ అడగకుండానే డీల్ అయిపోయింది. మా దాంట్లో కస్టమర్ అంటే ఒక కంపెనీ. ఉద్యోగులు దాని కింద ఉంటారు, బిల్లు కంపెనీకి వెళ్తుంది. కొన్నదాంట్లో కస్టమర్ అంటే ఒక మనిషి, అతని ఈమెయిల్. ఆ మనిషి సొంత జీమెయిల్‌తో అకౌంట్ తెరిచి, అదే అకౌంట్‌తో ముగ్గురు క్లయింట్ల పని చేస్తుంటాడు. ఇప్పుడు రెండూ కలపాలి. అతను ఏ కంపెనీ కిందికి వస్తాడు? అతను పెట్టిన ఫైళ్లు ఎవరివి? అతను ఉద్యోగం మారితే పాత కంపెనీ అడ్మిన్ ఆ అకౌంట్ తీసేయొచ్చా? జీఎస్‌టీ నంబరు ఎవరిది వేయాలి? ప్రతి ప్రశ్నకీ లీగల్, సపోర్ట్, ఫైనాన్స్ ముగ్గురూ కూర్చోవాలి. ప్లాన్‌లో "లాగిన్ ఇంటిగ్రేషన్" అని ఒక్క లైను ఉంది. ఆ ఒక్క లైను దగ్గర తల ప్రాణం తోకకి వచ్చింది. ఈలోగా పోటీదారులు రెండు కొత్త వెర్షన్లు వదిలారు.

రెండోది, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ ఎవరికి వెళ్తుంది? చిన్న కంపెనీల్లో సాధారణంగా ఒకరో ఇద్దరో ఉంటారు, మొత్తం సిస్టమ్ వాళ్ల తలలోనే ఉంటుంది. డీల్ కాగితాల్లో ఫౌండర్ల పేర్లుంటాయి, రిటెన్షన్ బోనస్ (వెళ్లిపోకుండా ఉండటానికి ఇచ్చే డబ్బు) వాళ్లకే రాస్తారు. ఆ అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషి పేరు కనుక్కుని ఆ లిస్టులో చేర్పించండి. ఆన్‌కాల్ షెడ్యూల్, పాత ఔటేజ్ రిపోర్టులు అడిగితే ఆ పేరు దానంతటదే బయటపడుతుంది.

మూడోది, ఏం మీద నడుస్తోంది? హాట్‌మెయిల్‌ని మైక్రోసాఫ్ట్ 1997 చివర్లో కొన్నప్పుడు అది ఫ్రీబీఎస్‌డీ, సోలారిస్ మీద నడిచేది. విండోస్ అమ్మే కంపెనీ మెయిల్ వేరేవాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడవడం బాగుండదు కదా. దాన్ని విండోస్ మీదికి మార్చడానికి ఏళ్లు పట్టింది. యూజర్‌కి మాత్రం దానివల్ల ఒక్క కొత్త సౌకర్యమూ రాలేదు. మీ ఇంజనీర్లు "మన స్టాక్‌లోకి", అంటే మనం వాడే టెక్నాలజీల మీదికి, "మార్చేస్తాం" అంటే, ఎందుకు మార్చాలి, మార్చకపోతే ఏమవుతుంది అని రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు మార్చనక్కర్లేదు.

ఓపెన్ సోర్స్ లైసెన్సులు, యాజమాన్యం మారితే కాంట్రాక్ట్ రద్దు చేసుకునే హక్కు ఏయే కస్టమర్లకి ఉంది, డేటా ఏ దేశంలో ఉంది... ఇవి లాయర్లే చూస్తారు. వాళ్ల రిపోర్ట్ ఒకసారి చదివితే చాలు.

ఇప్పుడు ధర

"వాళ్లు ఇంత అడుగుతున్నారు, అంత డబ్బుతో మనం ఇంతమంది ఇంజనీర్లని ఇన్నేళ్లు పోషించొచ్చు" అని లెక్క వేస్తారు. రెండు వైపులా తప్పే. కొనే వైపు ధరకి రిటెన్షన్ బోనస్‌లు, కలపడానికి మన టీమ్‌లు పెట్టే టైమ్, కలిపేదాకా రెండు సిస్టమ్‌లూ నడిపే ఖర్చు కలపాలి. చేసుకునే వైపు జీతాలతో పాటు, ఆ మంచి ఇంజనీర్లని ఏ టీమ్ నుంచి తీస్తున్నాం, అక్కడ ఏ పని ఆగిపోతుంది అన్నది రాయాలి. విడుదలయ్యాక సపోర్ట్, సేల్స్ ట్రైనింగ్, డాక్యుమెంటేషన్ ఖర్చు కూడా అందులో రావాలి. కొత్త ప్రోడక్ట్ మొదటి వెర్షన్ ఖర్చు అసలు ఖర్చులో చిన్న ముక్క.

డీల్ మధ్యలో ఆగిపోతే?

ఈ పేజీ లేని నోట్ నేను పైకి పంపను. దీనికి ఉదాహరణ అడోబీ. ఆ డీల్ సమయంలో అడోబీ సీఈఓగా ఉన్న శంతను నారాయణ్ హైదరాబాద్‌లో చదువుకున్నవారు కాబట్టి మనవాళ్లంతా ఆ వార్తని దగ్గరగా చూశాం. 2022 సెప్టెంబర్‌లో 20 బిలియన్ డాలర్లకి ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీని కొంటున్నట్టు అడోబీ ప్రకటించింది. అదే పనికి అడోబీ దగ్గర ఎక్స్‌డీ అనే సొంత ప్రోడక్ట్ ఉంది. యూరోపియన్ కమిషన్, బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ అభ్యంతరాలు చెప్పాయి. 2023 డిసెంబర్‌లో డీల్ రద్దయింది, అడోబీ ఒక బిలియన్ డాలర్లు ఫిగ్మాకి కట్టింది. ఎక్స్‌డీ అప్పటికే మెయింటెనెన్స్‌లోకి వెళ్లిపోయింది, అంటే అందులో కొత్తవేమీ చేర్చడం లేదు. ఫిగ్మా 2025 జులైలో న్యూయార్క్‌లో లిస్ట్ అయింది. ఏడాదికి పైగా ఎదురుచూసి, చివరికి కొన్నదీ లేదు, చేసుకున్నదీ నిలవలేదు.

మన దేశంలోనూ ఇప్పుడు నిబంధన మారింది. 2024 సెప్టెంబర్ నుంచి డీల్ విలువ 2,000 కోట్ల రూపాయలు దాటి, కొనబోయే కంపెనీకి భారత్‌లో చెప్పుకోదగ్గ వ్యాపారం ఉంటే కాంపిటీషన్ కమిషన్ అనుమతి తీసుకోవాలి. ఆస్తులు, టర్నోవర్ తక్కువని తప్పించుకునే దారి లేదు. సాఫ్ట్‌వేర్ స్టార్టప్‌లకి ఆస్తులు పెద్దగా ఉండవు, ధర మాత్రం ఉంటుంది కదా.

సొంతంగా చేసుకుంటే రెగ్యులేటర్ల గొడవే ఉండదనీ అనుకోకండి. టీమ్స్‌ని ఆఫీస్‌తో కలిపి ఇస్తున్నారని స్లాక్ 2020లో యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత యూరప్‌లో మైక్రోసాఫ్ట్ రెండింటినీ విడదీసి అమ్మాల్సి వచ్చింది.

ఓపిక ఎంత ఉంది?

చేసుకోవడానికి కావాల్సింది డబ్బుకన్నా ముందు ఓపిక. చెన్నైలో ఎదిగిన రెండు కంపెనీలు దీనికి రెండు రకాల జవాబులు చెప్పాయి. జోహో దాదాపు అన్నీ సొంతంగానే చేసుకుంటుంది. మన రేణిగుంటలో కూడా వాళ్ల ఆఫీసు ఉంది. బయటి ఇన్వెస్టర్లు లేరు, ప్రతి మూడు నెలలకీ షేర్ మార్కెట్‌కి లెక్క చెప్పనక్కర్లేదు. ఒక ప్రోడక్ట్ నిలదొక్కుకోవడానికి చాలా ఏళ్లు పట్టినా ఆగగలరు. జోహోలోనే పనిచేసిన గిరీష్ మాతృభూతం పెట్టిన ఫ్రెష్‌వర్క్స్ చిన్న కంపెనీలని కొంటూ పెరిగింది. వాళ్ల ఫ్రెష్‌చాట్ 2015లో కొన్న కోనోటార్ అనే చెన్నై స్టార్టప్ నుంచి వచ్చింది. చిన్న టీమ్, అదే ఊరు. లోపల కలపడానికి ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి దొరకదు.

మీ కంపెనీ ఏ రకమో నిజాయితీగా రాయండి. కొత్త ప్రోడక్ట్ మొదటి రెండేళ్లు డబ్బు తేకపోతే పైవాళ్లు టీమ్‌ని కదపకుండా ఉంటారా? పోయిన మూడు ప్లానింగ్‌లలో ఏ కొత్త ప్రోడక్ట్‌ని ఎప్పుడు ఆపేశారో చూస్తే జవాబు తెలిసిపోతుంది.

రెండూ తేలకపోతే మధ్యదారి ఉంది. అడోబీ ఫొటోషాప్‌ని మొదటే కొనలేదు. నోల్ అన్నదమ్ముల దగ్గర లైసెన్స్ తీసుకుని 1990లో విడుదల చేసింది, బాగా ఆడాక 1995లో హక్కులు పూర్తిగా కొనేసింది. ముందు భాగస్వామ్యం పెట్టుకుని, మన కస్టమర్లకి అమ్మి చూసి, ఆ తర్వాత కొనొచ్చు. ధర పెరుగుతుంది నిజమే. కానీ అప్పటికి ఏం కొంటున్నామో తెలిసి ఉంటుంది.

మాట ఇస్తే కాగితం మీద పెట్టండి

వాట్సాప్‌ని 2014లో ఫేస్‌బుక్ 19 బిలియన్ డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించినప్పుడు ప్రకటనలు ఉండవన్నది ఫౌండర్లకి ప్రాణంతో సమానమైన విషయం. బ్రయాన్ యాక్టన్ 2017లో, జాన్ కౌమ్ 2018లో వెళ్లిపోయారు. ఇన్‌స్టాగ్రామ్ ఫౌండర్లిద్దరూ 2018లోనే వెళ్లారు. కొనేటప్పుడు నోటిమాటగా ఒప్పుకున్నవి ఆ తర్వాత బడ్జెట్ మీటింగుల్లో నిలవవు. ధరలు ఎవరు నిర్ణయిస్తారు, రోడ్‌మ్యాప్ ఎవరిది, బ్రాండ్ పేరు ఎన్నేళ్లు ఉంటుంది, ఈ మూడూ ముందే రాయించండి. మీ నోట్‌లో కూడా ఆ ప్రోడక్ట్‌కి మన వైపు నుంచి బాధ్యత తీసుకునే మనిషి పేరు ఒకటి ఉండాలి. డిపార్ట్‌మెంట్ పేరు చాలదు. ఎవరూ ముందుకి రాకపోతే ఆ డీల్‌ని సిఫార్సు చేయకండి.

ఇక చివరి పని, దీన్ని అందరూ మర్చిపోతారు. కొనాలని తేలిందనుకోండి. అదే పని సొంతంగా చేస్తున్న చిన్న టీమ్ మన దగ్గర ఎక్కడో ఉంటుంది. డీల్ రహస్యం కాబట్టి వాళ్లకి ముందు చెప్పలేం. కానీ ప్రకటన వెలువడే గంటలోనే వాళ్ల మేనేజర్ వాళ్లని కూర్చోబెట్టి చెప్పేలా ముందే ఏర్పాటు చేయండి: మీ కోడ్ ఏమవుతుంది, మీలో ఎవరు కొత్త టీమ్‌లోకి వెళ్తారు, వెళ్లనివాళ్లకి ఏ పని ఇస్తాం, ఈ ఏడాది రేటింగ్ ఎలా వేస్తాం. వాళ్లే ఆ సబ్జెక్ట్ మన కంపెనీలో అందరికన్నా బాగా తెలిసినవాళ్లు, కొన్నదాన్ని కలపడానికి రేపు కావాల్సిందీ వాళ్లే. వాట్సాప్ గ్రూప్‌లో న్యూస్ లింక్ చూసి తెలుసుకునే పరిస్థితి వాళ్లకి రానివ్వకండి.